ఎంజీబీ గేరుబాక్సుకు ఏ ఆయిల్?

ప్రశ్న: నా వద్ద 1970 నాటి ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఉంది. హైదరాబాదులో పాత కార్లు సేకరించే ఒకరి నుంచి కొన్నాను. ఇందులో ఓవర్‌డ్రైవ్ (ఎక్కువ వేగంలో ఇంజిన్ తిరిగే వేగాన్ని తగ్గించే అదనపు గేరు భాగం) కూడా ఉంది. ఎండల్లో కొంత దూరం నడిచిన తర్వాత మూడో గేరు నుంచి రెండుకు దించితే గర్రుమంటోంది. ఆటోనగర్‌లోని మా మెకానిక్ గేరుబాక్సు ఆయిల్ మార్చాలని, ట్రాక్టర్లకు పోసే ఈపీ 90 సరిపోతుందని అంటున్నారు. కారుతో వచ్చిన పుస్తకంలో మాత్రం గేరుబాక్సుకు 20డబ్ల్యూ-50 అని ఉంది. అది ఇంజిన్ ఆయిల్ కదా! అచ్చుతప్పా? ఏది పోయమంటారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అచ్చుతప్పు కాదు. 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీల మాన్యువల్ గేరుబాక్సులో ఇంజిన్ ఆయిలే పోయాలి. అప్పటి బ్రిటిష్ తయారీదారులకు ఇది వింత కాదు. ఎంజీబీని తెచ్చిన బీఎంసీ సంస్థే 1959లో తెచ్చిన మినీ కారులో ఇంజిను, గేరుబాక్సు రెండూ ఒకే ఆయిల్‌తో నడిచేవి.

ఇంజిన్ ఆయిల్ పలుచన, గేర్ ఆయిల్ చిక్కన అని చాలామంది నమ్ముతారు. డబ్బా మీది అంకెలే ఈ భ్రమకు కారణం. ఇంజిన్ ఆయిళ్లకు ఒక కొలమానం, గేర్ ఆయిళ్లకు మరొక కొలమానం ఉన్నాయి కాబట్టి 50ని 90తో నేరుగా పోల్చకూడదు. వంద డిగ్రీల వేడిలో 50 గ్రేడు ఇంజిన్ ఆయిల్ చిక్కదనం 16.3 నుంచి 21.9 సెంటిస్టోకుల (చిక్కదనం కొలిచే ప్రమాణం) మధ్య ఉండాలి. 90 గ్రేడు గేర్ ఆయిల్‌ది 13.5 నుంచి 18.5 మధ్య ఉండాలి. అంటే వేడెక్కిన గేరుబాక్సులో రెండూ ఇంచుమించు ఒకే చిక్కదనంతో ఉంటాయి. కొన్ని సందర్భాల్లో ఇంజిన్ ఆయిలే కాస్త చిక్కగా ఉండవచ్చు. వరంగల్ ఎండలకు 20డబ్ల్యూ-50 పలుచబడిపోతుందన్న భయం అక్కర్లేదు.

అసలు తేడా ఆయిల్‌లో కలిపే రసాయనాల్లో ఉంది. ఈపీ అనే అక్షరాలు విపరీతమైన ఒత్తిడిని తట్టుకునే గంధకం, భాస్వరం సమ్మేళనాలను సూచిస్తాయి. గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే వచ్చే ఘాటు వాసన గంధకానిదే. పళ్లు ఒకదానిపై ఒకటి జారుతూ తిరిగే వెనుక యాక్సిల్‌లో ఈ రసాయనాలు లేకపోతే లోహం నిలవదు. గేరుబాక్సులో అంత ఒత్తిడి ఉండదు. అక్కడ ఇత్తడి, కంచు జాతి భాగాలు ఉంటాయి. చురుకైన గంధకం వేడిలో రాగి కలిసిన లోహం మీద నల్లని పొర కట్టి, అది రాలిపోతూ భాగాన్ని మెల్లగా అరగదీస్తుంది. ఇంతకన్నా ముందే తెలిసే ఇబ్బంది మరొకటి ఉంది. గేరు మార్చేటప్పుడు సింక్రోనైజర్ రింగు ఎదుటి గేరు శంకువును గట్టిగా పట్టుకుంటేనే రెండింటి వేగం సమానమవుతుంది. మరీ జారుడు ఆయిల్ ఆ పట్టును తగ్గిస్తుంది.

ఇక్కడే ఈపీ 90 అన్న పేరుతో చిక్కు వస్తుంది. అది చిక్కదనాన్ని చెబుతుంది గాని రసాయనాల మోతాదును చెప్పదు. ఆ మోతాదు తెలియాలంటే డబ్బా వెనుక చిన్న అక్షరాల్లో జీఎల్-4 అని ఉందా, జీఎల్-5 అని ఉందా అని చూడాలి. జీఎల్-5లో ఈ రసాయనాలు జీఎల్-4తో పోలిస్తే సుమారు రెట్టింపు ఉంటాయి. డ్రమ్ము నుంచి కొలిచి పోసే చోట ఆ అక్షరాలు చూసే వీలే ఉండదు. మీ మెకానిక్ చెప్పిన ఆయిల్ చెడ్డదేమీ కాదు. పేరున్న సంస్థ చేసిన ఈపీ 90ని మీ కారు వెనుక యాక్సిల్‌లో నిశ్చింతగా పోయించండి.

మీ కారులో ఓవర్‌డ్రైవ్ ఉంది కాబట్టి మరో జాగ్రత్త అవసరం. దానికి విడిగా ఆయిల్ ఉండదు, గేరుబాక్సు ఆయిలే అక్కడికీ చేరుతుంది. ఆ ఆయిల్ ఒత్తిడితోనే లోపలి శంకువు క్లచ్ పట్టుకుంటుంది. అందువల్ల ఘర్షణ తగ్గిస్తామని చెప్పి అమ్మే సీసా మందులను, మాలిబ్డినం కలిపిన ఆయిళ్లను దూరం పెట్టండి. మన దుకాణాల్లో మోటార్ సైకిళ్ల కోసం అమ్మే మినరల్ 20డబ్ల్యూ-50 డబ్బాల్లో జాసో ఎంఏ (మోటార్ సైకిల్ ఆయిళ్లకు జపాన్ ప్రమాణం) అని రాసి ఉన్నది నా ఎంపిక. ఆయిల్‌లో మునిగి పనిచేసే తడి క్లచ్ జారకూడదనే ఉద్దేశంతో చేసిన ఆయిల్ కాబట్టి అది ఇక్కడికీ నప్పుతుంది. ఖరీదైన సింథటిక్ జోలికి పోనవసరం లేదు. పాత సీళ్ల వద్ద కారడం తప్ప పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

కారును కాజీపేట దాకా నడిపి, వేడిగా ఉండగానే పాత ఆయిల్ దించండి. గేరుబాక్సు ప్లగ్ ఒక్కటే విప్పితే ఓవర్‌డ్రైవ్‌లోని ఆయిల్ పూర్తిగా దిగదు. దాని అడుగు మూత కూడా తీసి, లోపలి జల్లెడను కిరోసిన్‌తో కడిగించండి. కొత్త గాస్కెట్ చేతిలో లేకుండా ఆ మూత విప్పనివ్వకండి. ఓవర్‌డ్రైవ్‌తో కలిపి దాదాపు మూడున్నర లీటర్లు పడుతుంది. కొంచెం దూరం నడిపి, ఓవర్‌డ్రైవ్ నిండిన తర్వాత చదునైన చోట మట్టం మళ్లీ చూసుకోవాలి.

ఇక రెండో గేరు గర్రుమనడం. ఆయిల్ మార్చే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. కారు నిలిపి, ఇంజిను నడుస్తుండగా క్లచ్ పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పుడూ గర్రుమంటే క్లచ్ సరిగా విడవడం లేదని అర్థం. ముందు క్లచ్‌ను ద్రవ ఒత్తిడితో విడదీసే మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్ చూపించండి. రివర్స్ మెత్తగా పడి, రెండో గేరు మాత్రమే అరుస్తుంటే ఆ గేరు సింక్రోనైజర్ రింగు అరిగినట్టే. దించిన ఆయిల్‌ను వేళ్ల మధ్య రాస్తే ఆ రింగు నుంచి రాలిన బంగారు రంగు పొడి మెరుస్తుందేమో కూడా చూడండి. సరైన ఆయిల్ పోస్తే ఆ చప్పుడు కొంత తగ్గవచ్చు గాని, అరిగిన రింగును ఏ ఆయిలూ తిరిగి పెంచదు.

ప్రశ్న: మా ఇంట్లో మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. ఆ కాలపు బ్రిటిష్ కార్లకు గేరుబాక్సులో ఇంజిన్ ఆయిల్ పోస్తారని విన్నాను. దీనికీ అంతేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కాదండీ. మీ హెరాల్డ్, దాని అన్నదమ్ముల వంటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు గేర్ ఆయిల్‌తోనే నడుస్తాయి. జీఎల్-4 అని స్పష్టంగా రాసి ఉన్న 80డబ్ల్యూ-90 తీసుకోండి. మొదటి గేరుకు సింక్రోనైజర్ లేదు గనుక కారు పూర్తిగా ఆగిన తర్వాతే అది వేయండి.