మొదటి మిషన్ టైల్ కోయకముందే ఐదు మిషన్లకు అప్పా?

ప్రశ్న: మాది ఖమ్మం. వయసు 36. టైల్స్ కాంట్రాక్టు చేస్తాను. నెలకు 25 వేల నుంచి 70 వేల దాకా వస్తుంది. భార్య, ఇద్దరు పిల్లలు, ఇంటి ఖర్చు 32 వేలు. నాలుగు బై ఎనిమిది అడుగుల టైల్స్‌ను సైట్‌లోనే కోసే మిషన్ డిజైన్ చేశాను. వెల్డింగ్ షాపు ఉన్న స్నేహితుడితో కలిసి ఒకేసారి ఐదు చేయిస్తే ఐరన్ చవకగా పడుతుంది. ఒక్కోదానికి ఖర్చు 1.6 లక్షలు, అమ్మకం 2.1 లక్షలు. బ్యాంకులో ఉన్న 1.8 లక్షలు, బంగారం మీద 4 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర మూడు రూపాయల వడ్డీకి 3 లక్షలు పెడుతున్నాను. 20 రూపాయల ప్రమాద బీమా, 5 లక్షల ఎల్ఐసీ పాలసీ ఉన్నాయి. ముందుకెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొద్దు. మిషన్ ఆలోచన మంచిదే. దానికి డబ్బు తెస్తున్న తీరే తప్పు. చేతిపని బాగా వచ్చినవాళ్లు తయారీలోకి దిగేటప్పుడు చాలామంది ఇదే చేస్తారు: మొదటి నమూనాయే సరిగ్గా వస్తుందని ఇంట్లో ఉన్నదంతా, అప్పు తెచ్చినదంతా అందులో పోస్తారు.

వడ్డీ చూడండి. 3 లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 9 వేలు, ఏడాదికి 36 శాతం. బంగారం మీద ఏడాదికి 12 శాతమే అనుకున్నా ఇంకో 4 వేలు. మిషన్లు కుదిరి అమ్ముడయ్యేసరికి ఎనిమిది నెలలు పడితే వడ్డీయే 1,04,000. అంటే రెండు మిషన్ల లాభం పోయి, మూడోదాంట్లో కూడా కాస్త పోతుంది. అసలు అలాగే ఉంటుంది. పైగా 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద తీసుకున్నంత మొత్తం జరిమానా పడొచ్చు. ఆ 3 లక్షలు మాత్రం ముట్టుకోకండి.

ఎనిమిది నెలలు ఎందుకు పడుతుందంటారా? పెద్ద టైల్ మిషన్‌లో కష్టం బ్లేడుతో రాదు, పొడవుతో వస్తుంది. మీ నాలుగు బై ఎనిమిది టైల్, అంటే 1200 బై 2400 మిల్లీమీటర్ల స్లాబు, 9 మిల్లీమీటర్ల మందంలో సుమారు 60 కిలోలుంటుంది. దాన్ని బ్లేడు మీదికి తోయలేం కాబట్టి టైల్ కదలకుండా ఉండి మోటారే పట్టా మీద నడవాలి. 250 మిల్లీమీటర్ల బ్లేడు రెండు చివరలా టైల్‌ను పూర్తిగా దాటాలంటే 2400 పట్టా చాలదు, 2700 కావాలి. 1200 టైల్ మిషన్ పట్టాకు వాడే ఐరన్ సైజునే (సెక్షన్) రెండింతల పొడవుకు వాడితే, అదే మోటారు బరువుకు నడిమి వంపు ఎనిమిది రెట్లవుతుంది. నడుమ లోతు మారుతుంది, పట్టా పక్కకు ఊగితే బ్లేడు బిగుసుకుంటుంది, టైల్ మీది మెరుపు పూత (గ్లేజు) పెచ్చులు లేస్తాయి. సెక్షన్ పెంచితే బరువు, ఖర్చు పెరుగుతాయి. మీ 1.6 లక్షల లెక్క అక్కడే మారిపోతుంది.

సైట్‌కు మోసుకెళ్లే మిషన్ అంటున్నారు. టాటా ఏస్ తొట్టి సుమారు ఏడడుగులు, మీ పట్టా దాదాపు తొమ్మిది. రెండు ముక్కలు చేసి అతకాల్సి వస్తుంది. ఆ అతుకు దగ్గర వెంట్రుకంత ఎత్తుపల్లం ఉన్నా ప్రతి కోతలో అదే చోట పెచ్చు లేస్తుంది. కోత చివర నాలుగు వేళ్ల దూరంలో టైల్ ఫట్‌మని విరగడం ఇంకో సంగతి. ఇలాంటి పోర్సిలిన్ టైల్‌లో లోపలి ఒత్తిడి ఉంటుంది, తెగిన ముక్క బరువు కిందికి లాగుతుంది. అందుకే ముందు అవతలి అంచు నుంచి కొంత కోసి, తర్వాత ఇవతలి నుంచి వచ్చి కలపాలి. కోతకు రెండు వైపులా పూర్తి పొడవునా రబ్బరు పట్టీలతో ఆనిక ఉండాలి. ఇవన్నీ కుదిరే లోపు ఎన్ని స్లాబులు పగులుతాయో మీకే బాగా తెలుసు. ఆ స్లాబుల ఖర్చు మీ లెక్కలో ఎక్కడా కనిపించలేదు.

కాబట్టి ఒక్కటే చేయండి, అదీ 800 బై 1600 మిల్లీమీటర్ల టైల్‌కు. మూల నుంచి మూలకు 1789 మిల్లీమీటర్లు వస్తుంది, బ్లేడు దాటడానికి కలిపి 2100 పట్టా చాలు, బండిలో అతుకు లేకుండా పడుతుంది. డ్రాయింగులు తీసుకుని హైదరాబాద్‌లో టీ-వర్క్స్‌కు ఒకసారి వెళ్లండి, నమూనాల తయారీకే పెట్టిన చోటది.

ఇప్పుడు అసలు విషయం. ఆ 1.8 లక్షలు మిషన్ డబ్బు కాదు, ఇంటి డబ్బు. మీలా ఆదాయం నిలకడగా లేనివాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలదు, తొమ్మిది నెలలది ఉండాలి. 32 వేల చొప్పున 2,88,000. ఇంకా 1,08,000 తక్కువున్నాయి. 70 వేలు వచ్చిన నెలల్లో 20 వేలు పక్కన పెడితే ఆరు మంచి నెలల్లో నిండుతుంది. అది నిండేదాకా ఐరన్ కొనొద్దు. డ్రాయింగు మార్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు కదా.

రెండోది మీ చెయ్యి. 20 రూపాయల సురక్షా బీమాలో చనిపోతే 2 లక్షలు. ఒక చెయ్యి పూర్తిగా పనికిరాకుండా పోతే లక్ష. బ్లేడు దగ్గర పనిచేసేవాడికి పోయేది ఎక్కువగా వేళ్లు. రెండు వేళ్లు తెగితే ఆ పాలసీలో మీకు పైసా రాదు. వేళ్లకు కూడా శాతం లెక్కన పరిహారం ఇచ్చే, మంచాన పడితే వారానికి ఇంత అని ఇచ్చే వ్యక్తిగత ప్రమాద పాలసీ 25 లక్షలకు తీసుకోండి. ఫారంలో వృత్తి కాంట్రాక్టరు అని మాత్రమే రాసి ఊరుకోకండి, కటింగ్ మిషన్ మీద స్వయంగా పనిచేస్తానని రాయండి. ప్రీమియం కొంచెం పెరుగుతుంది, క్లెయిమ్ మాత్రం నిలబడుతుంది. దాంతోపాటు 60 లక్షల టర్మ్ బీమా (మీరు పోతేనే ఇంటికి డబ్బొచ్చేది), కుటుంబమంతటికీ 10 లక్షల ఆరోగ్య బీమా. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ రెండింటి మీదా జీఎస్టీ లేదు. టర్మ్‌కు ఆదాయ రుజువు అడుగుతారు, రిటర్ను వేయకపోతే ఈ ఏడాదైనా వేయండి.

మిషన్ అమ్మాక బాధ్యత కూడా మీదే. నీళ్లూ కరెంటూ కలిసే చోటు కాబట్టి లోడు ఎక్కువైతే ఆపే ఎంసీబీ ఒక్కటే పెడితే కుదరదు, కరెంటు లీకైతే వెంటనే ఆపే 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ మిషన్‌లోనే బిగించాలి. బ్లేడుకు కవరు, దుమ్ము లేవకుండా నీటి ధార తప్పనిసరి. సొంత బతుకుదెరువుకు కొన్న మిస్త్రీకి షాక్ కొడితే 2019 వినియోగదారుల చట్టం కింద తయారీదారు మీదే కేసు వస్తుంది. షాపు స్నేహితుడిదే అయినా బిల్లు మీద ఎవరి పేరుంటుందో ముందే కాగితం రాసుకోండి.

మిగతావి క్లుప్తంగా. ఎల్ఐసీ పాలసీ అలాగే ఉంచండి, అలాంటిదే ఇంకోటి కట్టొద్దు. బంగారం తాకట్టు రెండో మిషన్ అప్పుడు చూద్దాం. చిన్న పరిశ్రమలకు చేసే ఉద్యమ్ నమోదు ఉచితం, చేయించుకోండి. నమూనా సైట్‌లో రెండు నెలలు ఆగకుండా కోస్తే, కేంద్రం ముద్ర రుణ పథకంలో కిశోర్ విభాగం కింద 5 లక్షల దాకా హామీ లేకుండా అడగొచ్చు. ఐదు మిషన్లు అప్పుడు కూడా ఒకేసారి వద్దు. సగం అడ్వాన్సు చేతికొచ్చాకే ఒక్కోదానికి ఐరన్ కోయించండి.