కొత్త సైట్, పాత డొమైన్: మార్చే ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: మా సంస్థ పాత వెబ్‌సైట్‌ని వర్డ్‌ప్రెస్‌లో మొదటినుంచీ మళ్లీ కట్టించాం. ఇప్పుడది కొత్త హోస్టింగ్‌లో, ఒక తాత్కాలిక అడ్రస్ మీద నడుస్తోంది. దీన్ని మా అసలు డొమైన్ మీదకి తేవాలి. నేమ్‌సర్వర్లు మార్చేస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుందని డెవలపర్ అంటున్నాడు. గూగుల్‌లో మా సైట్‌కున్న స్థానం పోతుందని ఇంకొకరు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నేమ్‌సర్వర్ల సంగతి తేల్చుకుందాం. డొమైన్ పేరు అడిగినవాళ్లకు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే వ్యవస్థ డీఎన్ఎస్, ఆ వివరాలు (రికార్డులు) దాచిపెట్టే సర్వర్లే నేమ్‌సర్వర్లు. మీ డొమైన్ డీఎన్ఎస్ రికార్డులన్నీ ఇప్పుడు పాత నేమ్‌సర్వర్ల దగ్గరున్నాయి. వాటిలో సైట్ అడ్రస్ ఒక్కటే కాదు, ఆఫీసు మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు, మీ పేరుతో వెళ్లే మెయిల్ నిజంగా మీదేనని చూపించే ఎస్పీఎఫ్, డీకిమ్ రికార్డులు కూడా ఉంటాయి. ఇవన్నీ కొత్తచోట ముందే రాసి పెట్టకుండా నేమ్‌సర్వర్లు మార్చారంటే సైట్ బ్రహ్మాండంగా తెరుచుకుంటుంది, మెయిళ్లు మాత్రం ఆగిపోతాయి, ఆ సంగతి ఎవరో ఫోన్ చేసి తిట్టేదాకా తెలియదు. నేమ్‌సర్వర్ల జోలికి పోకండి. మీ డొమైన్ పేరుకి సర్వర్ ఐపీ అడ్రస్ చెప్పే ‘ఎ’ రికార్డులో కొత్త ఐపీ రాయండి, సైట్ వరకు అది చాలు.

ఆ రికార్డు టీటీఎల్‌ని, అంటే దాన్ని ఎంతసేపు గుర్తుపెట్టుకోవచ్చో చెప్పే అంకెను, ఒకటి రెండు రోజుల ముందే తగ్గించండి. అక్కడ 86400 అని ఉంటే అవి సెకన్లు, అంటే పాత ఐపీని 24 గంటలు గుర్తుపెట్టుకోవచ్చని నెట్‌లోని సర్వర్లకు మీరే చెప్పినట్టు. 300 చేస్తే అది ఐదు నిమిషాలకు దిగుతుంది. మార్చే రోజు తగ్గిస్తే లాభం లేదు, పాత లెక్క అప్పటికే నడుస్తుంటుంది. ఏదైనా తేడా కొట్టి పాత సర్వర్‌కి వెనక్కి వెళ్లాల్సొచ్చినా ఈ 300 మిమ్మల్ని కాపాడుతుంది. అందుకే పాత హోస్టింగ్‌ని కూడా కొన్ని వారాలు ఉంచుకోండి, డబ్బు మిగులుతుందని ఆ రోజే రద్దు చేయకండి.

ఎక్కువమంది దెబ్బతినేది డేటాబేస్ దగ్గర. తాత్కాలిక అడ్రస్ మీ సైట్‌లో వందల చోట్ల ఉంటుంది: బొమ్మల లింకుల్లో, మెనూల్లో, థీమ్ సెట్టింగుల్లో. దాని చోట అసలు డొమైన్ రావాలి కాబట్టి, డేటాబేస్‌ని దించుకున్న ఎస్‌క్యూఎల్ ఫైల్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టేద్దామనిపిస్తుంది. వద్దు. వర్డ్‌ప్రెస్ కొన్ని సెట్టింగులను దాచేటప్పుడు మాటతో పాటు అది ఎన్ని బైట్ల పొడవుందో కూడా రాసుకుంటుంది. అడ్రస్ పొడవు మారి పక్కనున్న అంకె అలాగే ఉండిపోతే ఆ సెట్టింగు చదవడానికి పనికిరాదు, విడ్జెట్లూ థీమ్ ఆప్షన్లూ ఖాళీగా కనిపిస్తాయి. వర్డ్‌ప్రెస్‌ని కమాండ్లతో నడిపే డబ్ల్యూపీ-సీఎల్ఐ అనే సాధనంలో ఉన్న సెర్చ్-రీప్లేస్ ఆ అంకెను కూడా సరిచేస్తుంది, ముందు డ్రై-రన్‌తో, అంటే ఏదీ మార్చకుండానే, ఏమేం మారతాయో చూపిస్తుంది. బ్యాకప్ తీయకుండా మాత్రం మొదలుపెట్టకండి, ఫైళ్లూ డేటాబేసూ రెండూ.

ఇదయ్యాక మీ కంప్యూటర్‌లోని హోస్ట్స్ ఫైల్‌లో (డీఎన్ఎస్ కన్నా ముందు మీ కంప్యూటర్ చూసే చిన్న జాబితా అది) కొత్త ఐపీ, పక్కనే అసలు డొమైన్ పేరు రాసి సేవ్ చేయండి. లోకమంతా పాత సైట్ చూస్తుంటుంది, మీరొక్కరే అసలు పేరు మీద కొత్త సైట్ చూస్తారు. సైట్‌కి https భద్రత ఇచ్చే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ ఇంకా లేకపోతే బ్రౌజర్ గోల చేస్తుంది, డీఎన్ఎస్ ద్వారా ధ్రువీకరించే పద్ధతిలో దాన్ని ముందే తీసుకోవచ్చు. ఫారాలు నింపి చూడండి, లాగిన్ అవండి, పేమెంట్ ఉంటే గేట్‌వేకి ఇచ్చిన అడ్రస్ సరిచూడండి. పాత సైట్‌లో ఆర్డర్లు, కామెంట్లు వస్తుంటే వాటిని కొత్త సైట్‌కి కాపీ తీసిన దగ్గర్నుంచి ఆపేయాలి, లేకపోతే ఆ మధ్యలో వచ్చినవి పాత సర్వర్‌లోనే ఉండిపోతాయి.

ఇక గూగుల్ భయం. డొమైన్ అదే కాబట్టి సగం టెన్షన్ అనవసరం. పేజీల అడ్రస్‌లు మారాయా, అదే అసలు ప్రశ్న. మారి ఉంటే ప్రతి పాత పేజీ నుంచి దానికి సరిపోయే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ (పాత అడ్రస్‌కి వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి మళ్లించే ఏర్పాటు) పెట్టండి, కనీసం ఏడాది ఉంచండి. అన్నింటినీ తీసుకొచ్చి హోమ్‌పేజీకి తోసేయడం బద్ధకం, అలాంటివాటిని గూగుల్ లేని పేజీల కిందే లెక్కేస్తుంది. తర్వాత వర్డ్‌ప్రెస్ రీడింగ్ సెట్టింగ్స్‌కి వెళ్లి, సెర్చ్ ఇంజన్లను రావద్దనే టిక్కు తీసేశారో లేదో చూడండి. సైట్ కట్టేటప్పుడు పెట్టి అందరూ మర్చిపోయేది ఇదే, ర్యాంకు పోయేదీ దీనివల్లే.

ప్రశ్న: డొమైన్ మార్చి రెండు రోజులైంది. నాకు కొత్త సైట్ వస్తోంది, కొందరికి ఫోన్‌లో ఇంకా పాతదే వస్తోంది. ఎందుకు?

జవాబు: మీ డీఎన్ఎస్‌లో ‘ఎఎఎఎ’ రికార్డు ఉందేమో చూడండి. అది ఐపీవీ6 అడ్రస్, చాలా మొబైల్ నెట్‌వర్కులు ముందు దాన్నే వాడతాయి. ‘ఎ’ ఒక్కటే మార్చి దాన్ని వదిలేస్తే వాళ్లంతా పాత సర్వర్‌కే వెళ్తారు. కొత్త హోస్టింగ్ ఐపీవీ6 ఇస్తే అది రాయండి, ఇవ్వకపోతే ఆ రికార్డు తీసేయండి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో ఉన్న పేరు ఎటు చూపిస్తోందో కూడా సరిచూడండి. మీకు కొత్తది కనిపిస్తోందన్న మాట నమ్మేముందు, హోస్ట్స్ ఫైల్‌లో రాసిన లైను తీసేశారా?