బెజవాడ అని వెతకండి, విజయవాడ అని కాదు

పాత న్యూస్‌రీళ్ళు (ఒకప్పుడు సినిమా హాళ్ళలో వేసిన వార్తల ఫిల్ములు) ఇప్పుడు ఫోన్లోనే చూడొచ్చని పోయిన నెల ఈ శీర్షికలో ఓ ముక్క రాశాను. దానిమీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అందరికీ ఒకేసారి కుదరదు కాబట్టి కొన్నిటికి ఇప్పుడు.

ప్రశ్న: కోడిపుంజు బొమ్మతో మొదలయ్యే నలుపు తెలుపు వీడియోలు యూట్యూబ్‌లో తెగ వస్తున్నాయి. ఏఐతో చేసినవని మావాడు కొట్టిపారేస్తున్నాడు. నిజమైనవేనా?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: బ్రిటిష్ పాథే వాళ్ళ సొంత ఛానెల్‌లో చూస్తుంటే నిజమైనవేనండీ. ఎవరో రంగులు అద్ది మళ్ళీ పెట్టినవైతే మాత్రం మీవాడి అనుమానంలో తప్పులేదు. ఆ పుంజు పాథే కంపెనీ గుర్తు. పాథే సోదరులు 1896లో పారిస్‌లో పెట్టిన కంపెనీ అది. బ్రిటన్‌లో 1910లో న్యూస్‌రీలు మొదలెట్టి, టీవీ వచ్చి జనం ఇంట్లోనే వార్తలు చూడ్డం అలవాటయ్యాక కూడా 1970 దాకా లాక్కొచ్చింది. 2014 ఏప్రిల్‌లో ఏకంగా 85,000 ఫిల్ములు యూట్యూబ్‌లో పెట్టేశారు. ఆ మరుసటి ఏడు ఏపీ వాళ్ళు (మన ఏపీ కాదు, అసోసియేటెడ్ ప్రెస్) తమ వీడియోలతో పాటు బ్రిటిష్ మూవీటోన్ అనే ఇంకో న్యూస్‌రీలు కంపెనీ రీళ్ళనీ పెట్టారు.

కాకపోతే ఫిల్ము అసలుదైనంత మాత్రాన అందులో ఉన్నదంతా జరిగినట్టే అనుకోకండి. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకాన్ని మెలియెస్ అనే ఫ్రెంచి ఆయన సెట్ వేసి, నటుల్ని పెట్టి, అసలు పట్టాభిషేకం జరగకముందే తీసేశాడు. తర్వాతి కాలంలో కూడా బయట తీసిన రీళ్ళు చాలావరకు మూగవే. మీకు వినపడే చప్పట్లు, గుర్రాల డెక్కల చప్పుడు, వీటిలో ఎక్కువ భాగం స్టూడియోలో కూర్చుని అతికించినవి. ఇక ఆ వ్యాఖ్యానం! 1940 నుంచి 1970 దాకా పాథే గొంతు బాబ్ డాన్వర్స్ వాకర్ అనే ఆయనది. ఏ దేశం గురించైనా ఆ గొంతు అదే హుషారు. నేనైతే మొదటిసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూస్తాను, రెండోసారి పెట్టుకుని చూస్తాను. రెండూ ఒకే ఫిల్మేనా అనిపిస్తుంది ఒక్కోసారి.

ప్రశ్న: గోదావరి గట్టున పుట్టి పెరిగినవాణ్ణి, రిటైర్డ్ టీచర్ని. రాజమహేంద్రవరం అని కొడితే ఒక్కటీ రాలేదు, కాకినాడకీ అంతే. మన ఊళ్ళని అసలెవరూ తియ్యలేదా?
– ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, తీసినవాడు తెల్లదొర, ఆ ఫిల్ము వివరాలు కార్డు మీద రాసుకున్నవాడు ఇంకో దొర, ఆ కార్డుని తర్వాతెప్పుడో కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్ళు గోదావరికీ గంగకీ తేడా తెలియనివాళ్ళు. ముగ్గురి పొరపాట్లూ దాటుకుని మనం వెళ్ళాలి. కాబట్టి ఆనాటి స్పెల్లింగులే వాడండి. విజయవాడకి బెజవాడ, కాకినాడకి కొకనాడ, విశాఖకి వైజాగపటం, బందరుకి మసులిపటం, ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. రాజమండ్రి అని కొట్టేటప్పుడు మధ్యలో హెచ్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి. అయినా రాకపోతే మద్రాస్ అని కొట్టండి, 1953 దాకా మన కోస్తా, సీమ జిల్లాలన్నీ మద్రాసు కిందవే కదా. తెలంగాణ వాళ్ళు హైదరాబాద్ కన్నా నిజాం అని వెతికితే మేలు. ఎందుకంటే సింధులో ఇంకో హైదరాబాద్ ఉంది, రెండూ కలగాపులగంగా వచ్చి పడతాయి.

ఊరిపేరు బదులు సంగతి పేరుతో కూడా వెతకాలి. తుఫాను, వరద, కరువు, రైలు ప్రమాదం, వైస్రాయి పర్యటన, ఇలా. పాథే వాళ్ళ టైటిళ్ళు కొన్ని వట్టి చమత్కారాలు, ఊరి పేరు కింద వివరాల్లో ఎక్కడో ఉంటుంది. కొన్నిటికి ‘విడుదల చెయ్యని ఫిల్ము, తేదీ, చోటు స్పష్టంగా తెలియవు’ అనే అర్థం వచ్చే నోటు ఉంటుంది. దాన్ని చూసి నిరుత్సాహపడకండి, అసలు మజా అంతా అక్కడే. హాళ్ళలో ఆడింది నిమిషమో రెండు నిమిషాలో అయితే, కత్తిరించి పక్కన పడేసిన దాంట్లో కెమెరా వాడు తోచినట్టు తిప్పిన బజారు, రేవు, పిల్లలు ఉంటారు.

ఊరు పోల్చుకోవాలంటే వీడియో ఆపి, మనుషుల్ని వదిలేసి వెనకాల చూడాలి. కొట్టు బోర్డు మీద తెలుగు అక్షరాల గుండ్రం ఒక్కటి దొరికినా పండగే. బోర్డు లేకపోతే బండికి కట్టిన ఎద్దుల కొమ్ములు చూడండి. పొట్టిగా, మొద్దుగా ఉండి, మూపురం ఎత్తుగా ఉంటే ఒంగోలు జాతి అయ్యుండొచ్చు. పొడుగ్గా వెనక్కి వంగిన కొమ్ములైతే మైసూరు వైపో, తమిళం వైపో ఆలోచించాలి. ఎద్దులు సంతల్లో చేతులు మారతాయి కాబట్టి అదొక్కటే సాక్ష్యం అనలేం. చీరకట్టు, తలపాగా, గుడి గోపురం, ఇవన్నీ కలిపి చూడాలి. ఈ పని మీరూ నేనూ చెయ్యాల్సిందే తప్ప లండన్‌లో కూర్చున్నవాళ్ళ వల్ల కాదు.

ప్రశ్న: వాటిలో జనం అందరూ పరుగెత్తుతున్నట్టు ఎందుకు నడుస్తారు?
– ఓ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: మూకీల రోజుల్లో హ్యాండిల్ చేత్తో తిప్పుతూ సెకనుకి ఇంచుమించు 16, 18 బొమ్మలు తీసేవారమ్మా. టాకీలు వచ్చాక లెక్క 24 అయింది. 16తో తీసిన దాన్ని 24తో నడిపితే మనిషి ఒకటిన్నర రెట్లు వేగంగా కదులుతాడు. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో స్పీడు 0.75కి తగ్గించి చూడు, దాదాపు మామూలుగా నడుస్తారు.

ప్రశ్న: 1947 ఆగస్టు 15న మన ప్రభుత్వం తీయించిన రీలు ఎక్కడ దొరుకుతుంది?
– ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: దొరకదమ్మా, ఎందుకంటే ఆ రోజుకి ప్రభుత్వానికి సొంత ఫిల్ము విభాగమే లేదు. యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు ప్రచారానికి ‘ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా’ పెట్టారు, 1943 నుంచి ‘ఇండియన్ న్యూస్ పెరేడ్’ అని రీలు కూడా వదిలారు. యుద్ధం అయిపోగానే శాసనసభలోని మన సభ్యులు దానికి డబ్బులివ్వం పొమ్మన్నారు, 1946లో మూతపడింది. వాళ్ళ కోపం న్యాయమైనదే. కానీ ఆ మరుసటి ఏడే స్వాతంత్ర్యం వస్తే తియ్యడానికి సర్కారు కెమెరా లేకుండా పోయింది. ఈరోజు మనం చూసేదంతా ప్రైవేటు కెమెరామెన్లు, విదేశీ న్యూస్‌రీళ్ళ వాళ్ళు తీసిందే. ఫిల్మ్స్ డివిజన్ వచ్చింది 1948లో. దాని ‘ఇండియన్ న్యూస్ రివ్యూ’ తెలుగులో కూడా వచ్చేది, సినిమాకి ముందు తప్పనిసరిగా వెయ్యాల్సి వచ్చేది. మా చిన్నప్పుడు అది బయట సోడా తాగే టైము. ఎంత పొరపాటు చేశామో ఇప్పుడు వెతుక్కుంటుంటే తెలుస్తోంది! మీ ఊరు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయిన రోజు కోసమైతే 1953 అక్టోబరు తేదీలతో వాళ్ళ ఛానెల్‌లో ప్రయత్నించండి.

ప్రశ్న: ఈ క్లిప్పులు నా ఛానెల్‌లో వాడుకోవచ్చా?
– ఓ యూట్యూబర్, హైదరాబాద్

జవాబు: చూడ్డం ఉచితం, వాడుకోవడం కాదు. పాథే బతికేదే లైసెన్సులు అమ్ముకుని. మన దేశంలో విడుదలైన ఫిల్ముకి చట్టం ప్రకారం కాపీరైట్ 60 ఏళ్ళు, అందుకని ఫిల్మ్స్ డివిజన్ పాత రీళ్ళ విషయం కొంచెం నయం. అయినా ఒక మెయిలు పెట్టి అడిగితే పోయేదేముంది?

ప్రశ్న: మూతపడ్డ మా టూరింగ్ టాకీస్ సామాన్లలో రేకు డబ్బాల్లో రీళ్ళు ఉన్నాయి. మూత తీస్తే వెనిగర్ వాసన. ప్రొజెక్టర్ ఉంది, వేసి చూడమంటారా?
– ఓ పాఠకుడు, జగ్గయ్యపేట

జవాబు: దయచేసి వెయ్యకండి! ఆ వాసన ఎసిటేట్ ఫిల్ము పాడవుతోందనడానికి గుర్తు. ముడుచుకుపోయి ఉంటుంది, ప్రొజెక్టర్ పళ్ళలో పడితే ముక్కలవుతుంది. వాసన ఉన్న డబ్బాల్ని మిగతావాటికి దూరంగా, చల్లగా పొడిగా ఉండే గదిలో పెట్టండి, ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుకుంటుంది. 1950ల ముందటి రీలైతే ఇంకా జాగ్రత్త. అది నైట్రేట్ (ఇట్టే మండిపోయే పాత రకం ఫిల్ము) అయ్యే అవకాశం ఉంది, అంటుకుందంటే నీళ్ళలో ముంచినా ఆరదు. పూణెలో 2003లో జరిగిన అగ్నిప్రమాదంలో అలాంటివే ఎన్నో బూడిదయ్యాయి. తర్వాత పూణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళకి డబ్బాల ఫొటోలు పంపండి.

ఈలోగా ఒక్క పని చెయ్యొచ్చు. సిగరెట్లూ దీపాలూ దరిదాపుల్లో లేకుండా, పొడి చేతులతో రీలు మొదలు ఓ జానెడు మాత్రం, అంచులు పట్టుకుని విప్పండి. అంటుకుపోయి ఉంటే లాగొద్దు. కిటికీ వెలుతురులో అంచు మీద ఇంగ్లీషులో ‘సేఫ్టీ’ అని (అంటే నైట్రేట్ కాదని) ఉందేమో, బొమ్మల్లో టైటిలు తెలుగులో ఉందేమో చూసి నాకు రాయండి.