'ఎలుకల్లో' అన్న మాట జారిపోనివ్వకు

చిరంజీవికి ఆశీస్సులు.

వైరస్‌లు రక్త క్యాన్సర్లకు ఎలా కారణమవుతాయో, ఆ సంగతి తేల్చడానికి శాస్త్రవేత్తలు జంతువుల మీద ఎలాంటి ప్రయోగాలు చేశారో వివరిస్తూ నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. విషయం మీద నీకు పట్టు ఉంది, వాక్యం కూడా తడబడడం లేదు. అయితే మూడో పేజీకి వచ్చేసరికి ఏది కోడిలో జరిగిందో, ఏది చిట్టెలుకలో జరిగిందో, ఏది మనిషిలో జరిగిందో పోల్చుకోలేకపోయాను. ఈ ఉత్తరం ఆ ఒక్క లోపం గురించే.

చాలా ఏళ్ల కిందట నేనూ ఇదే తప్పు చేశాను. ఒక కొత్త మందు ఎలుకల్లో ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌ను తగ్గించిందని ఒక ఆదివారం అనుబంధానికి రాస్తూ, 'ఎలుకల్లో' అన్న మాటను వ్యాసం నడుమ ఒక్కసారి మాత్రమే వాడాను. శీర్షికలో అది లేదు. పది రోజుల తర్వాత ఒక తండ్రి రెండు బస్సులు మారి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చొక్కా జేబులోంచి నా వ్యాసం కత్తిరింపు తీసి, నాలుగు మడతలూ విప్పి, బల్ల మీద అరచేత్తో సాపు చేసి, ఈ మందు ఎక్కడ దొరుకుతుందండీ అని అడిగాడు. ఆయన కూతురికి తొమ్మిదేళ్లు. ఆ రోజు నేను ఆయనకు చెప్పవలసి వచ్చిన జవాబును నువ్వు ఎవరికీ చెప్పవలసిన అవసరం రాకూడదు.

ముందు మాటల సంగతి చూద్దాం. నువ్వు 'జంతు నమూనాలు' అని రాశావు. మన పాఠకుడికి నమూనా అంటే పరీక్ష కోసం సీసాలో పట్టిన రక్తమో, పొలం నుంచి తెచ్చిన మట్టో తప్ప మరొకటి తోచదు. మనిషికి వచ్చే జబ్బును పోలిన జబ్బును ఏ జంతువులో తెప్పించి పరిశీలిస్తారో ఆ జంతువును మోడల్ అంటారని మొదటిసారి విడమరచి చెప్పి, ఆ తర్వాత 'జంతు మోడల్' అనే వాడు. చిట్టెలుకకూ ఎలుకకూ ప్రయోగశాలలో చాలా తేడా ఉంది; వ్యాసంలోనూ ఆ తేడా ఉండాలి.

'1951లో లుడ్విక్ గ్రాస్ ఎలుకల్లో ల్యుకేమియా వైరస్‌ను కనుగొన్నారు' అని ఒక్క వాక్యంతో సరిపెట్టావు. దాన్ని తెరిచి చూపించు. కోళ్లలో ల్యుకేమియాను కణాలు లేని వడపోత ద్రవంతో ఒక కోడి నుంచి మరొక కోడికి ఎక్కించవచ్చని 1908లోనే కోపెన్‌హాగెన్‌లో ఎల్లెర్మన్, బ్యాంగ్ చూపించారు. అప్పట్లో ల్యుకేమియాను క్యాన్సర్‌గా లెక్కించేవారు కాదు, పైగా అది కోళ్ల వ్యవహారం, అందుకని వైద్యులు పెద్దగా పట్టించుకోలేదు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసే గ్రాస్, తరతరాలుగా ల్యుకేమియా ఎక్కువగా వచ్చే ఏకే జాతి చిట్టెలుకల కణజాలం నుంచి తీసిన ద్రవాన్ని, ఆ జబ్బు అరుదుగా వచ్చే సి3హెచ్ జాతి చిట్టెలుకలకు ఎక్కించి ఏళ్ల తరబడి విఫలమయ్యారు. కాక్స్‌సాకీ వైరస్ పాలు తాగే పసి చిట్టెలుకల్లోనే జబ్బు తెస్తుందని తెలిశాక, పుట్టి ఒక రోజైనా నిండని పిల్లలకు ఎక్కించి చూశారు. నెలలు గడిచి అవి పెద్దవయ్యాక వాటిలో ల్యుకేమియా బయటపడింది. జాతి మారలేదు, ఎక్కించిన ద్రవమూ మారలేదు, వయసు ఒక్కటే మారింది. పిల్ల వయసును వదిలేసి ఈ ప్రయోగాన్ని చెబితే అందులో మిగిలేది పేరూ తేదీ మాత్రమే. ఇదే వైరస్ జబ్బును పరిశీలిస్తూ, పసి చిట్టెలుకల్లో ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిని తీసేసిన జాక్ మిల్లర్ 1961లో లండన్‌లో ఆ గ్రంథి రోగనిరోధక శక్తికి ఎంత కీలకమో కనిపెట్టాడు. చోటుంటే అదీ చేర్చు.

ఇక 'ఈ వైరస్ సోకితే రక్త క్యాన్సర్ వస్తుంది' అన్న వాక్యం నీ వ్యాసంలో ఐదు చోట్ల ఉంది. మన భాషలో 'తే' ఊరికే పోదు. వాన పడితే నేల తడుస్తుందన్నంత ఖాయంగా వినిపిస్తుంది. జపాన్‌లోని క్యూషూ ప్రాంతంలో ఎక్కువగా కనిపించే హెచ్‌టీఎల్‌వీ-1 వైరస్ తల్లిపాల ద్వారా బిడ్డకు సోకుతుంది, కానీ సోకినవారిలో నూటికి సుమారు ఐదుగురికే, అదీ దశాబ్దాల తర్వాత, టి కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాల ల్యుకేమియా వస్తుంది. సోకడం ఒక మెట్టు, క్యాన్సర్ రావడం మరో మెట్టు. ఈ తేడాను మన పాఠకుడికి కోళ్లఫారం ద్వారా చెప్పవచ్చు. హ్యాచరీలో ఒక్కరోజు పిల్లను ఎడమ అరచేతిలోకి తీసుకుని, మెడ వెనుక చర్మాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, సన్నని సూదితో 0.2 మిల్లీలీటర్ల మందు వేసి పెట్టెలోకి వదులుతారు. అది మారెక్స్ వ్యాధి టీకా. హెర్పిస్ కుటుంబానికి చెందిన వైరస్ వల్ల కోళ్లకు వచ్చే లింఫోమాను, అంటే తెల్ల రక్తకణాల క్యాన్సర్ గడ్డలను, ఆ టీకా ఆపుతుంది, కానీ వైరస్ సోకడాన్ని ఆపదు. ఆ కోడి ఒంట్లో వైరస్ ఉంటుంది, గడ్డలు మాత్రం లేవవు.

హెచ్‌టీఎల్‌వీ-1 సోకినా ఆ తొంభై ఐదుగురికి జబ్బు ఎందుకు రాదన్నదే అసలు ప్రశ్న. దానికి ఏ ఒక్క జంతువూ పూర్తి జవాబు ఇవ్వదు, అందుకే నువ్వు ఒక్కొక్కదాన్ని ఏమి అడిగారో రాయాలి. కుందేలుకు ఈ వైరస్ సోకి ఒంట్లో నిలిచిపోతుంది కానీ క్యాన్సర్ రావడం అరుదు. కాబట్టి వైరస్ ఎలా వ్యాపిస్తుందో, ఎలా దాక్కుంటుందో దాన్ని అడగవచ్చు. రోగనిరోధక శక్తి లేని చిట్టెలుకలకు మనిషి రక్త మూలకణాలను ఎక్కించి, ఆ తర్వాత వైరస్ సోకించినప్పుడు నెలల్లోనే ల్యుకేమియా వంటి జబ్బు కనిపిస్తుంది. అయితే మనిషి ఒంట్లో ఏళ్ల తరబడి వైరస్‌ను అదిమిపెట్టే పూర్తి కాపలా అక్కడ ఉండదు. ఈ వైరస్‌కు దగ్గరి బంధువైన పశువుల ల్యుకేమియా వైరస్ సోకిన ఆవుల్లో నూటికి ఐదింటికి మించి గడ్డలు రావు, గొర్రెలకు ప్రయోగంగా ఎక్కిస్తే మాత్రం కొద్ది ఏళ్లలోనే ఎక్కువ భాగం జబ్బు పడతాయి. మనుషుల్లో కనిపించే నిదానం ఆవులో కనిపిస్తుంది; ఆ నిదానం దేనివల్ల చెదురుతుందో గొర్రెలో వెతకవచ్చు. ఈ పేరా చదివిన ఇల్లాలు పాలగిన్నె వైపు భయంగా చూస్తుంది కనుక, మరిగించిన పాలలో ఈ వైరస్ బతకదన్న వాక్యాన్ని అక్కడే రాయి, వ్యాసం చివరికి నెట్టవద్దు.

చనిపోయిన ఆ జీవుల గురించి నీ వ్యాసంలో ఒక్క మాటా లేదు. మన దేశంలో ప్రతి ప్రయోగానికీ సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి ఉండాలి. ఎన్ని జంతువులు, ఎందుకు, వేరే మార్గం లేదా అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు చెప్పాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ప్రయోగశాల జంతువుల కేంద్రం ఉంది. అనుమతి తీసుకుని ఒక పూట వెళ్లి, పసి చిట్టెలుక ఎంత ఉంటుందో కళ్లతో చూసి రా. నీ బొటనవేలి గోరు పక్కన పెట్టి చూస్తే, గ్రాస్ సూది ఎంత సన్ననిదై ఉండాలో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

మూడో పేజీ తిరగరాసి పంపు. గొర్రెల పేరాను మాత్రం తీసేయకు, దాని తర్వాత వచ్చే శీర్షికను మార్చు.