బొగ్గుబాయి మీద కొత్త పనులకు మనుషుల్ని సిద్ధం చేయాలంటే

బిడ్డా, ఆశీస్సులు.

సింగరేణి పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో చేరావని తెలిసి చాలా సంతోషమైంది. గనుల్లో రికార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, సోలార్ ప్లాంట్లకు మనుషుల్ని చూడాలి, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. కొత్తవాళ్ల కోసం నోటిఫికేషన్ రాయకముందు, ఉన్నవాళ్లకు ఏమేం పనులొచ్చో తెలుసుకో.

మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, జనరల్ మజ్దూర్ (సాధారణ కూలీ) అని మాత్రమే ఉంటుంది. కారుణ్య నియామకంలో తండ్రి స్థానంలో వచ్చిన పిల్లల్లో బీటెక్ చదివినవాళ్లు, ఐటీఐ ఎలక్ట్రీషియన్లు ఆ పేరు కిందే ఉన్నారు. సర్టిఫికెట్లు చూసి సరిపెట్టుకోకు. షిఫ్ట్ దిగాక క్యాంటీన్ దగ్గర నిలబడి మాట్లాడు. ఎవరు మోటార్లు విప్పి బిగిస్తారో, ఎవరికి కంప్యూటర్ మీద చెయ్యి తిరుగుతుందో అక్కడే తెలుస్తుంది. కేబుళ్లు, ఎర్తింగ్, స్విచ్‌గేర్ తెలిసిన బాయి ఎలక్ట్రీషియన్‌కు ఇన్వర్టర్ పని నేర్పడం పెద్ద కష్టం కాదు.

ఇక సీనియర్ల సంగతి. సర్దార్ అంటే బాయిలో కార్మికుల భద్రత చూసే పెద్ద. ఆయన కర్రతో బాయి పైకప్పును తట్టి వింటాడు. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే కింద మనిషిని నిలబడనివ్వడు. మంట అంటుకునే మీథేన్ గ్యాస్ రీడింగ్ తెర మీద చూడటం కుర్రాడికి ఒక్కరోజులో వస్తుంది. 1.25 శాతానికి చేరితే కరెంటు ఆపి మనుషుల్ని వెనక్కి పంపాలన్న రూలూ వచ్చేస్తుంది. ఆ తట్టి వినే విద్య మాత్రం పక్కన తిరిగితేనే అబ్బుతుంది. అందుకే ఒక సర్దార్‌కు ఒక కుర్రాడిని జత చెయ్యి. వీడు ఆయనకు ఎంట్రీలు నేర్పుతాడు, ఆయన వీడికి పైకప్పు చూడటం నేర్పుతాడు. సర్దార్ రిటైరయ్యే నెలలో కాదు, కనీసం రెండేళ్ల ముందు.

మామూలు సెల్‌ఫోన్ బాయిలోకి తీసుకెళ్లనివ్వరు కాబట్టి రికార్డులు ఎక్కించే యాప్ శిక్షణ పైనే, వీటీసీలో (వృత్తి శిక్షణ కేంద్రంలో) జరగాలి. అదీ డ్యూటీ టైంలోనే, మస్టర్ ఇచ్చి, అంటే ఆ రోజు హాజరు వేసి. ఎనిమిది గంటలు బొగ్గులో నలిగి వచ్చినవాణ్ని క్లాసులో కూర్చోబెడితే ఏం ఎక్కుతుంది? ఈ విషయంలో మేనేజర్‌తో గట్టిగా మాట్లాడాల్సి వస్తుంది, వెనకాడకు.

ఒక్క మాట దాచొద్దు. సోలార్ ప్లాంట్ నడపడానికి బాయికి పట్టినంత మంది అక్కర్లేదు. ఇల్లందులో 1889లో తవ్వకం మొదలైంది. తాత, తండ్రి, కొడుకు వరుసగా బాయిలో చేసిన ఇళ్లున్నాయి ఈ ప్రాంతంలో. అందరికీ సోలార్‌లో పని దొరుకుతుందని చెబితే వాళ్లు నమ్మరు, నమ్మితే మరీ అన్యాయం. ఏ బాయిలో బొగ్గు ఎన్నాళ్లుంటుందో, ఎవరెవరు ఏ ఏరియాకు, ఏ పనికి మారాల్సి వస్తుందో ఏళ్ల ముందే లెక్క వేసి చెప్పు. వయసు మీరినవాళ్లకు సర్ఫేస్ పనులు, అంటే బాయి బయట చేసేవి, ముందే చూసి పెట్టు.

ముందు ఒక్క బాయి పట్టుకుని ఎవరికి ఏ పని వచ్చో, ఎవరు ఎక్కడికి మారాలో పట్టిక తయారుచెయ్యి. అయ్యాక గుర్తింపు సంఘం (ఎన్నికల్లో గెలిచిన కార్మిక సంఘం) వాళ్లను పిలిచి నువ్వే చూపించు, వాళ్లు నోటీసు బోర్డు మీద చూసేదాకా ఆగకు.

మీ పెదనాన్న