స్కానర్ చూపించిన 2,300 లోపాల్లో ముందు దేన్ని పట్టుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కొత్తగా పెట్టిన స్కానర్ (సర్వర్లలో భద్రతా లోపాలు వెతికే సాఫ్ట్‌వేర్) 2,300 క్రిటికల్, హై లోపాలు చూపించింది, టీమ్‌లో ఉన్నది నలుగురే, తీవ్రతకి 10కి ఇచ్చే స్కోరు 9 దాటినవన్నీ ముందు మూసేయండి అని మేనేజర్ అంటున్నారు, అలా వెళ్లొచ్చా అని. వద్దు. నేను హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి కంపెనీలో చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మేమూ అచ్చం అలాగే వెళ్లి దెబ్బ తిన్నాం.

2021 అక్టోబరు సంగతి. స్కోరు 9 దాటితే మూయడానికి గడువు 15 రోజులు, 7 నుంచి 9 లోపు అయితే 30 రోజులు, అదీ అప్పటి మా రూలు. ఆ నెల మొదటి వారంలో అపాచీ వెబ్ సర్వర్ 2.4.49లో ఒక లోపం బయటపడింది (దాని గుర్తింపు నెంబరు సీవీఈ-2021-41773), స్కోరు 7.5. మా ఎక్సెల్ షీట్‌లో అది ఎక్కడో 400వ వరుస దగ్గర పడింది. మేమేమో ఆ వారమంతా బయటి నుంచి ఎవరూ తాకలేని రిపోర్టింగ్ సర్వర్ల మీద 9.8లు మూస్తూ కూర్చున్నాం. కస్టమర్లు డాక్యుమెంట్లు అప్‌లోడ్ చేసే సర్వర్ మాత్రం సరిగ్గా అదే వెర్షన్ మీద ఇంటర్నెట్‌కి తెరిచి ఉంది, అదీ మూడు వారాల కిందటే లేటెస్ట్ వెర్షన్ వేశాం కదా, ఇంక దాని జోలికి పోనక్కర్లేదు అనుకున్న మెషీన్.

శనివారం రాత్రి సీపీయూ అలర్ట్ వచ్చింది. లాగ్ తెరిస్తే ఒకే రకం లైన్లు వరసగా ఉన్నాయి: సీజీఐ-బిన్, ఆ తర్వాత చుక్క, పర్సంట్ గుర్తు, 2ఈ, స్లాష్, మళ్లీ అదే, మళ్లీ అదే (ఫోల్డర్ దాటి పైకి ఎక్కే పద్ధతి), చివర్లో షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రాం) పేరు, పక్కన 200, అంటే అడిగింది జరిగిందని సర్వర్ జవాబు. ఆ 200 చూడగానే చేతులు చల్లబడ్డాయి. వెబ్ ఫోల్డర్ దాటి పోనివ్వని డిఫాల్ట్ సెట్టింగ్‌ని ఎవరో ఎప్పుడో టెస్టింగ్ కోసం తీసేసి మళ్లీ పెట్టలేదు, సీజీఐ (వెబ్ సర్వర్ ద్వారా ప్రోగ్రాములు నడిపించే సదుపాయం) కూడా ఆన్‌లో ఉంది, ఆ రెండూ కలిస్తే ఫైళ్లు చదవడంతో ఆగదు, బయటివాడు మన మెషీన్ మీద కమాండ్లే నడపగలడు. క్రిప్టో మైనర్ దించి నడుపుకుంటున్నారు. డాక్యుమెంట్ల జోలికి పోలేదని తేల్చుకోవడానికే మాకు పది రోజులు పట్టింది.

ఇప్పటికీ నన్ను బాధపెట్టేది ఒకటుంది. ఈ లోపాన్ని ఇప్పటికే దాడుల్లో వాడుతున్నారని అపాచీ వాళ్ల ప్రకటనలోనే రాసి ఉంది. ఒక్క వాక్యం. మేం నెంబరు చూశాం, ఆ వాక్యం చదవలేదు.

ఈ స్కోరు, అంటే సీవీఎస్ఎస్, లోపం ఎంత తీవ్రమైనదో చెబుతుంది, అంతే. అది మీ నెట్‌వర్క్‌లో ఎక్కడుంది, వెనకాల ఏ డేటా ఉంది, దాన్ని ఎవరైనా వాడుతున్నారా అన్నది దానికి తెలియదు. పైగా ఆ నెంబరు మారుతుంది కూడా. అదే ఏడాది డిసెంబరులో లాగ్4జే (జావా ప్రోగ్రాములు లాగ్ రాయడానికి వాడే లైబ్రరీ) గొడవ వచ్చినప్పుడు, మొదటి ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) తర్వాత బయటపడ్డ రెండో లోపానికి ముందు 3.7 ఇచ్చారు, కొన్ని రోజులకే 9.0 చేశారు. 3.7 కదా అని వదిలేసినవాళ్ల పరిస్థితి ఆలోచించండి.

కాబట్టి మీ షీట్‌లో స్కోరు కాలమ్‌ని పక్కకి జరిపి, ముందు రెండు కాలమ్స్ పెట్టండి: దీన్ని బయట ఎవరైనా నిజంగా వాడుతున్నారా, ఆ మెషీన్ ఇంటర్నెట్‌కి కనిపిస్తుందా. మొదటిదానికి అమెరికా ప్రభుత్వ సంస్థ సీసా నడిపే కెవ్ లిస్టు ఉంది, దాడుల్లో వాడినట్టు తేలినవే అందులో ఉంటాయి, ఉచితంగా దించుకోవచ్చు. అది మొదలైంది 2021 నవంబరులో, మా సంఘటన తర్వాతి నెలలో. రెండూ అవును అయితే మా దగ్గర ఇప్పుడు గడువు 48 గంటలు, స్కోరు 6 అయినా సరే. కెవ్‌లో లేనివాటికి ఈపీఎస్ఎస్ చూస్తాం, వచ్చే 30 రోజుల్లో ఆ లోపాన్ని వాడే అవకాశం ఎంతో అది రోజూ అంచనా వేస్తుంది. కానీ అది ప్రపంచం మొత్తానికి వేసిన అంచనా, మీ సర్వర్ గురించి దానికేమీ తెలియదు, కాబట్టి కస్టమర్ డేటా, జీతాలు, లాగిన్లు ఉండే మెషీన్లని మేం చేత్తో ఒక మెట్టు పైకి జరుపుతాం. లోపలెక్కడో ఉన్న 9.8లు నెలవారీ ప్యాచింగ్‌లో పోతాయి.

అసలు టైమ్ తినేది ఇవేవీ కాదు, ఆ మెషీన్ ఎవరిదో తెలియకపోవడం. లాగ్4జే అప్పుడు ప్యాచ్ వేయడానికి మాకు ఒక రోజు, అది ఎక్కడెక్కడుందో వెతకడానికి మూడు రోజులు పట్టాయి, ఒక జార్ ఫైల్‌లో (జావా ప్రోగ్రాముల ప్యాకెట్) ఇంకో జార్, దాని లోపల ఇది. యాప్ టీమ్‌ని అడిగితే ఇన్‌ఫ్రా వాళ్లన్నారు, ఇన్‌ఫ్రా వాళ్లు వెండర్‌ అన్నారు. అందుకే మూడో కాలమ్‌లో టీమ్ పేరు కాదు, మనిషి పేరు, ఫోన్ నెంబరు పెట్టండి.

ప్యాచ్ లేదనో, వేస్తే యాప్ పడిపోతుందనో అంటే ఆగిపోకండి. పోర్టు మూయండి, ఆ మాడ్యూల్ ఆపండి, వీపీఎన్ వెనక్కి తోయండి. మా సర్వర్లో సీజీఐ ఒక్కటి ఆపి ఉన్నా ఆ రాత్రి కమాండ్లు నడిచేవి కావు. పైగా మన దేశంలో 2022లో వచ్చిన సెర్ట్-ఇన్ (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆదేశాల ప్రకారం ఇలాంటివి గమనించిన 6 గంటల్లోపు రిపోర్ట్ చేయాలి, అర్ధరాత్రి ఆ ఫారం ఎవరు నింపుతారో కూడా ఇప్పుడే తేల్చుకోండి.

మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు ఎన్ని మూశారన్న లెక్క తీసుకెళ్లకండి. కెవ్‌లో ఉండి, ఇంటర్నెట్‌కి కనిపించేవి మీ దగ్గర ఎన్ని, ఒక్కోటీ ఎన్ని రోజులుగా తెరిచి ఉంది, ఆ రెండే చూపించండి. మా దగ్గర మొదటిసారి వడపోస్తే 1,900లో 31 మిగిలాయి. మీవి వడపోశాక ఎన్ని తేలాయో ఇక్కడ రాయండి, వాటి వరస కలిసి చూద్దాం.