తెలుగు పేరు పెడితే గళ్లు జరుగుతున్నాయా?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో మా కమిషన్ కొట్టు కోసం పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. వాట్సాప్‌లో వచ్చే ఫైలు తీసుకుని రకం, బస్తాలు, ధర టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే నల్ల తెరలో) చూపిస్తుంది. రకాల పేర్లు తెలుగులో పెట్టగానే అంకెలు అటూ ఇటూ జరిగిపోతున్నాయి. ఫాంటు మార్చినా అంతే.
- ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: ఫాంటు జోలికి వెళ్లకండి, తేడా లెక్కలో ఉంది. గుణింతం గుర్తునీ పొల్లునీ కూడా పైథాన్ విడిగా లెక్కపెడుతుంది: మిర్చి రకాల్లో తేజ 3, బ్యాడిగి 8. టెర్మినల్ మాత్రం మామూలుగా ఈ పేర్లలో హల్లుకే గడి (ఒక అక్షరం పట్టే చోటు) ఇస్తుంది: తేజకు 2, బ్యాడిగికి 4. మాట వెనక ఖాళీలు నింపే ఎల్‌జస్ట్‌కు (ljust) 10 అని చెబితే తేజ వెనక 7 ఖాళీలు, బ్యాడిగి వెనక 2 పడతాయి. ఒకటి 9 గడుల్లో, ఇంకోటి 6 గడుల్లో ముగుస్తుంది. పైథాన్‌కు విడిగా దొరికే wcwidth ప్యాకేజీలోని డబ్ల్యూసీఎస్‌విడ్త్‌తో (wcswidth) వెడల్పు గడుల్లో కొలిచి ఖాళీలు మీరే కలపండి. కొన్ని టెర్మినళ్లు ఒత్తుల్ని అప్పటికీ సరిగ్గా అతకవు కాబట్టి తెలుగు పేరును ప్రతి లైనులో చివరికి మార్చేయండి, దాని వెనక ఖాళీలతో పనే ఉండదు. రంగులు వేస్తుంటే ముందు ఖాళీలు, తర్వాతే రంగు. పొడుగు లైన్లను మడిచే టెక్స్ట్‌ర్యాప్ (textwrap) వాడితే పొడుగు మాటల్ని విరవొద్దని చెప్పండి, లేకపోతే ఒత్తు మధ్యలో కోసేస్తుంది. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లో నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. ఇన్నేళ్లకూ మన భాషను ఒక్కసారైనా పెట్టి చూడకుండా టూల్స్ వదిలేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అయితే నాకు భయమేసింది గళ్ల గురించి కాదు, ఆ వాట్సాప్ ఫైలు గురించి. టెర్మినల్‌కు చేరే గుర్తుల్లో కొన్ని అక్షరాలు కావు, ఆజ్ఞలు; వాటినే కంట్రోల్ గుర్తులంటారు. లైను మధ్యలో క్యారేజ్ రిటర్న్ ఉందనుకోండి, కర్సర్ మళ్లీ లైను మొదటికి పోతుంది, వెనకొచ్చింది ముందుదాన్ని కప్పేస్తుంది. ఫైల్లో 45 బస్తాలుంటే తెర మీద మీకు 40 కనిపించవచ్చు. మీరు ఆ 40 చూసే రైతుకు డబ్బు లెక్క కడతారు! ఎస్కేప్ గుర్తుతో మొదలయ్యేవి పై లైన్లను చెరిపేయగలవు. కొన్ని టెర్మినళ్లలోనైతే మీకు తెలియకుండా క్లిప్‌బోర్డులో వేరే కమాండ్ పెట్టేయగలవు.

డబ్ల్యూసీఎస్‌విడ్త్ -1 ఇచ్చిందంటే అందులో కంట్రోల్ గుర్తు ఉన్నట్టే. ఆ వరుసను ప్రింట్ చేయకుండా ఆపి, పంపినవాళ్లకు ఫోన్ చేయండి. గుర్తు తెర మీద కనబడేదేనా అని చెప్పే పైథాన్ ఈజ్‌ప్రింటబుల్‌తో (isprintable) మాత్రం వడపోయకండి, 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే, కంటికి కనబడని జడ్‌డబ్ల్యూఎన్‌జే (ZWNJ) గుర్తు కూడా పోతుంది. బయటి ఫైలును ఉన్నదున్నట్టు తెర మీద పోసే క్యాట్ (cat) కమాండ్‌తో చూడటం మానేసి, ఏ ఆప్షనూ తగిలించకుండా, పేజీ పేజీగా చూపించే లెస్‌ (less) కమాండ్‌తో తెరవండి. ఎస్కేప్ గుర్తు ఉంటే అక్కడ కళ్లకు కనబడుతుంది.